రెండువందల యాభై ఏళ్ల బ్యాటరీ

గృహశక్తి శాఖ మంత్రిగారు అక్టోబరులో ఢిల్లీలో విలేఖరుల్ని పిలిచి, 'శాశ్వతశక్తి' అనే స్వదేశీ రీఛార్జబుల్ బ్యాటరీని రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూపించారు. వెయ్యిసార్లు ఛార్జ్ చేసుకోవచ్చనీ, తాత కొంటే మనవడు వాడుకోవచ్చనీ సెలవిచ్చారు. రుజువేమిటని ఒక విలేఖరి అడిగాడు. "నిష్పాక్షికంగా పరీక్ష చేయించి, నిజమేనని తేలుస్తాం" అన్నారు మంత్రిగారు. ఏం తేలాలో ముందే తేలిపోయిన పరీక్షకి మామూలు అధికారి చాలడు.

అందుకే ఆ పని నోయిడాలోని ప్రభుత్వ పరీక్షా కేంద్రం డైరెక్టర్ సదాశివరావుకి వచ్చింది. ఆయనకి మార్చి ముప్పై ఒకటిన అరవై నిండుతాయి. పదవీకాలం పొడిగించమన్న ఆయన అర్జీ అదే మంత్రిగారి బల్ల మీద ఉంది. పొడిగింపు రాకపోతే ఏప్రిల్ ఒకటి నుంచి మయూర్ విహార్ సొసైటీ పార్కులో చేతులూపుకుంటూ నడిచే అంకుల్స్‌లో తానూ ఒకడైపోతానని ఆయన భయం. నిజంగానే భయం. ఆ అంకుల్స్‌ని రోజూ ఆఫీసు కారులోంచి చూస్తూనే ఉన్నాడు, ఎవరూ వాళ్లకి నమస్కారం పెట్టడం లేదు.

పరీక్ష చేసింది మైథిలి, వరంగల్ నుంచి వచ్చిన ఇంజనీరు. డిసెంబరు ఆఖరున కాగితం పట్టుకుని ఆయన గదికి వచ్చింది.

"సార్, డబ్బా మీద కెపాసిటీ రెండువేల ఎనిమిది వందల ఎంఏహెచ్ అని రాసిన్రు. టార్చిల ఏస్తే పదకొండు వందలకే చేతులెత్తేసింది. వెయ్యిసార్లు ఛార్జింగ్ అన్నరు గదా, డెబ్బై రెండోసారికే ఇగ ఛార్జ్ ఎక్కుతలేదు."

అబద్ధం రాయమనే మనిషి కాదు సదాశివరావు. అందుకని ఇంకో దారి వెతికాడు.

"తప్పు బ్యాటరీది కాదమ్మా, టార్చిది. టార్చి ఎప్పుడు వాడతాం?"

"కరెంటు పోయినప్పుడు సార్."

"కరెంటు పోవడమే లేదని సర్కారు చెబుతోంది కదా. నువ్విప్పుడు టార్చి వెలిగిస్తే ఎవర్ని అనుమానించినట్టు?"

మైథిలి కాగితం మడిచింది. "మరి పిల్లల బొమ్మ కారుల ఏద్దామా సార్?"

"అది చైనా బొమ్మ. స్వదేశీ బ్యాటరీ చేత విదేశీ బండి లాగిస్తావా?"

"పోనీ, గోడ గడియారం?"

"ఇరవై నాలుగ్గంటల చాకిరీ. ప్రభుత్వ ఆఫీసులో ఎవరి చేతా నేనట్లా పని చేయించలేదమ్మా."

బయట పొగమంచు. గదిలో హీటరు. బల్ల మీద ఏసీ రిమోట్ కనిపించింది సదాశివరావుకి.

"కొత్త జత తీసుకొచ్చి ఇందులో వెయ్యి."

"సార్, ఈ చలిల ఏసీ ఎవరేస్తరు?"

"వెయ్యడం, మానడం వినియోగదారుడి ఇష్టం. అందులో మనం జోక్యం చేసుకుంటే నిష్పాక్షికం ఎట్లా అవుతుంది?"

జనవరి నుంచి మార్చి దాకా బ్యాటరీలు చెక్కుచెదరలేదు. ఒక్కసారి ఛార్జ్ చేస్తే మూడు నెలలు. వెయ్యి ఛార్జింగులకి మూడువేల నెలలు, అంటే రెండువందల యాభై ఏళ్లు. హెచ్చవేతలో తప్పు లేదని మైథిలి కూడా ఒప్పుకుంది. మంత్రిగారు మళ్లీ విలేఖరుల్ని పిలిచి, తాత, మనవడు అని ఊరుకుని బ్యాటరీని తక్కువ చేసినందుకు దేశానికి క్షమాపణ చెప్పారు.

మార్చి ముప్పై ఒకటిన మంత్రిగారి కార్యదర్శి రాజీవ్ స్వయంగా ఉత్తర్వు తెచ్చాడు. 'ప్రస్తుతం పరీక్షలో ఉన్న బ్యాటరీలు ఈ ఛార్జింగుతో పనిచేసినంత కాలం, పరీక్ష ముగియనందున, శ్రీ సదాశివరావు పదవిలో కొనసాగుదురు. అవి ఆగిన దినమున విధుల నుండి తప్పుకొందురు.'

"ముబారక్ రావ్ సాబ్. మీ పరీక్ష మీద మంత్రిగారికి అంత భరోసా" అన్నాడు రాజీవ్.

సదాశివరావుకి కళ్లు చెమర్చాయి. రాజీవ్‌కి మిఠాయి పెట్టి లిఫ్టు దాకా సాగనంపాడు. వెనక్కి వచ్చి ఉత్తర్వు రెండోసారి చదివాడు. తర్వాత రిమోట్‌ని సొరుగులో పెట్టి తాళం వేశాడు.

మే నెలలో రాజీవ్ ఇంకో పని మీద వచ్చాడు. వీధిలో నలభై ఐదు డిగ్రీలు. గదిలో కిటికీలన్నీ తెరిచి, సదాశివరావు స్వెటర్ వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా మైథిలి బ్యాటరీ పరీక్ష రోజువారీ రిజిస్టర్ పట్టుకుని నిలబడి ఉంది.

"రావ్ సాబ్, ఏసీ వేయించండి, చచ్చిపోయేట్టున్నాను" అన్నాడు రాజీవ్ కాలర్ వదులు చేసుకుంటూ.

"వద్దు బాబూ. నాకు చలి."

రాజీవ్ మైథిలి వైపు చూశాడు. మైథిలి రిజిస్టర్ వైపు చూసింది.

"సార్, ఇయ్యాల టెంపరేచర్ ఎంతని రాయమంటరు?"

"జనవరి పదకొండున ఎంత రాశావు?"

"ఏడు డిగ్రీలు సార్."

"అదే రాయి."

కాగితం మీద పడకుండా కొంగుతో నుదుటి చెమట తుడుచుకుని, మైథిలి ఏడు అని రాసింది.