తిరిగి ఇవ్వవలసిన ఐసు

ప్రకృతిలో కరిగిన ఐసు తనంతట తాను మళ్లీ గడ్డకట్టకపోవచ్చు. వనపర్తిలోని ఒక డిగ్రీ కళాశాల స్టోరు రూములో మాత్రం అలాంటి మినహాయింపులు లేవు.

2004 మార్చి పన్నెండు, శుక్రవారం. ఫిజిక్స్ లెక్చరర్ గోవిందు మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర పప్పు తిని చెయ్యి కడుక్కుంటుండగా, ఫైనలియర్ యాస్మిన్ బీకరు పట్టుకొని వచ్చింది. అందులో నీళ్లున్నాయి.

"సార్, స్టోరు వాళ్లు ఐసు వాపసు ఇయ్యమంటుండ్రు."

ఆ ఉదయం ప్రాక్టికల్స్‌లో ఆమె అర కిలో ఐసు కరిగించి ఎంట్రోపీ, అంటే చెదురుబాటు, ఎంత పెరిగిందో లెక్కగట్టింది. గ్రాముకు ఎనభై చొప్పున నలభై వేల కాలరీల వేడి, దాన్ని కరిగే ఉష్ణోగ్రత 273తో భాగిస్తే నూట నలభై ఆరున్నర. లెక్క తప్పు లేదు. తప్పల్లా ఐసుది. వాడితే అయిపోయే సామాన్ల జాబితాలో దాని పేరు లేదు. జాబితాలో లేనిదేదైనా తిరిగి ఇవ్వాలి. (అగ్గిపుల్లల పేరూ లేదు. కాలిన పుల్లలు లెక్కపెట్టి అప్పజెప్పేవారు.) ఐదింటిలోగా స్టోరు వాళ్ల నో డ్యూస్ కాగితం చూపకపోతే హాల్ టికెట్ రాదు. సోమవారమే పరీక్ష. తప్పితే ఏడాది పోయినట్టే.

గోవిందు ఆమెను వెంటబెట్టుకొని స్టోరుకు వెళ్లాడు. స్టోరు గుమాస్తా బాలరాజు దుర్మార్గుడు కాదు. ఆ పిల్ల నిలబడి ఉండడం చూసి తన కుర్చీ ఇచ్చాడు. ఆ తర్వాతే బీకరులోకి చూశాడు.

"గివి నీళ్లు బిడ్డా. నేనిచ్చింది ఐసు."

"కరగబెట్టుడే ప్రయోగం, బాలరాజన్నా," అన్నాడు గోవిందు. "అది మళ్ల గడ్డకట్టదు. ఎంట్రోపీ పెరిగింది."

"పెరిగిందాన్ని మిగులు కింద రాసుకుంట సారూ. తగ్గిన ఐసును ఏడ రాయాలె?"

గోవిందు సైకిలెక్కి ఐసు ఫ్యాక్టరీకి పోయి, దారిలో కరిగేది లెక్కలో వేసుకొని, ముప్పావు కిలో గడ్డను రంపపు పొట్టులో చుట్టి తెచ్చాడు. బాలరాజు పొట్టు కడిగేసి తూకం వేశాడు.

"ఎక్కువున్నది. ఎక్కువ తీసుకుంటే ఆడిట్ల నేను చెప్పుకోవాలె. జర ఆగుండ్రి."

ముగ్గురూ త్రాసు ముందు కూర్చున్నారు. గోవిందు గోడ గడియారం వైపు చూశాడు. బాలరాజు లేచి ఫ్యాను పెంచాడు. సరిగ్గా అర కిలోకు దిగేసరికి ఐదుకు ఇంకా కొంచెం టైముంది. నో డ్యూస్ మీద సంతకమైంది. యాస్మిన్ దాన్ని రెండు చేతులతో అందుకుంది.

"రేపటికి ఈ గడ్డ ఎంట్రోపీ ఎంత పెరుగుతది?" అని ఆమెను మెల్లగా అడిగాడు గోవిందు.

"తక్కువల తక్కువ గంతే సార్. గీసారి ప్రయోగం స్టోరు వాళ్లది."

బాలరాజు రిజిస్టర్లో 'ఐసు, అర కిలో, మంచి స్థితిలో ముట్టినది' అని రాసుకున్నాడు. గడ్డను బీరువాలో థర్మామీటర్ల పక్కన పెట్టాడు. దాన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా తాళం వేసి, స్టోరు తలుపు చప్పుడు కాకుండా మూశాడు.