గోనెయ్య గారి ఔను

ఒక పెద్ద అడవిలో చట్టాలు చేయడానికి రెండు సభలుండేవి. నేల మీద తిరిగే జంతువులది నేలసభ, చెట్ల మీద వాలే పక్షులది కొమ్మసభ. నేలసభ తొందరపాటులో చేసిన తప్పును కొమ్మసభ నిదానంగా ఆలోచించి దిద్దాలని పూర్వం పెద్దలు ఆ ఏర్పాటు చేశారు. కొమ్మసభకు పండ్లు తినడానికే పొద్దు చాలేది కాదు. రెండు సభలూ దాటిన బిల్లు మీద మృగరాజు పంజా ముద్ర పడితే అది చట్టం. రాజు ముసలివాడైపోయి ఎప్పుడూ నిద్రలోనే ఉండేవాడు కనుక, బిల్లును ఆయన పంజా కిందికి తోసి మెల్లగా లాగేవారు.

నేలసభలో ఓట్లు లెక్కపెట్టే అలవాటు లేదు, అంతా మూజువాణి. అధ్యక్షుడైన ఏనుగు ఒకసారి "ఔననేవారు?" అని, ఇంకోసారి "కాదనేవారు?" అని అడిగేవాడు. ఏ కేక గట్టిగా ఉంటే అదే సభ నిర్ణయం. చేటలంత చెవులున్నాయి కదా అని ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. కావాలంటే తలలు లెక్కపెట్టమని అడిగే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది. అయితే ఆ అడిగేదీ అధ్యక్షుడి చెవిన పడేలా అడగాలి.

సభా వ్యవహారాల మంత్రి నక్క, పేరు చతురయ్య. పాపం, ఆయన పక్షాన ఉన్నవన్నీ తోడేళ్లూ ముంగిసలూ. అవతలి పక్షాన కోతులున్నాయి. కోతులన్నీ కలిసి "కాదు" అంటే చెట్ల ఆకులు రాలేవి. చతురయ్య బిల్లులు ఒకదాని వెనక ఒకటి వీగిపోతున్నాయి.

అలాంటి రోజుల్లో అడవి అంచున ఆయనకు ఒక ఓండ్ర వినిపించింది. ఆ గొంతు గోనెయ్య అనే గాడిదది. ఇటుకల బట్టీలో చాకిరీ చేయలేక తాడు తెంపుకుని పారిపోయి వచ్చాడు. చతురయ్య అక్కడే తోక నేలకు ఆనించి దండం పెట్టాడు. "ఇంత గొంతు పెట్టుకుని ఇక్కడ గడ్డి పీకుతున్నారా గోనెయ్య గారూ" అన్నాడు. వారం తిరిగేసరికి గోనెయ్య నేలసభలో నియమిత సభ్యుడు. ముందు వరసలో చోటు, ఎదురుగా పచ్చగడ్డి మోపు. చెయ్యాల్సిన పనల్లా మంత్రి తోక ఊపినప్పుడు ఓండ్ర పెట్టడం.

గోనెయ్యకు ఇది కలో నిజమో తెలియలేదు. బట్టీలో గొంతెత్తితే వీపు మీద కర్ర పడేది. ఇక్కడ గొంతెత్తితే చట్టం పుడుతోంది. బిల్లులో ఏముందని అడగాలన్న ఊహ కూడా అతనికి రాలేదు. అడిగితే గడ్డి తగ్గుతుందేమోనని ఒక మూల భయం కూడా ఉండేది. కోతుల కేకలు అతని ఓండ్ర కింద అణిగిపోయాయి. చతురయ్య మీసాలు దువ్వుకున్నాడు.

ఒకరోజు చిన్న పొరపాటు జరిగింది. మధ్యాహ్నం కునుకులోంచి ఉలిక్కిపడి లేచిన గోనెయ్య, ఏనుగు "కాదనేవారు?" అని అడుగుతున్న సమయంలో ఓండ్ర పెట్టాడు. ప్రతిపక్ష నాయకురాలు కుందేలు వెన్నెలమ్మ గంతేసి లేచి, బిల్లు ఓడిపోయిందని తన సన్నటి గొంతుతో మొత్తుకుంది. చతురయ్య తొణకలేదు.

"అధ్యక్షా, గోనెయ్య గారి మనసు లోకమెరిగినది. ఆయన ఏ వేళ ఓండ్ర పెట్టినా అది ఔను కిందే లెక్క. అలా రూలింగ్ ఇప్పించండి" అన్నాడు.

ఏనుగు రూలింగ్ ఇచ్చాడు. ఒకసారి ఇచ్చిన రూలింగ్ సభకు సంప్రదాయం. తన పేరు మీద ఒక సంప్రదాయమే వెలిసిందని గోనెయ్య ఆ పూట రెండు మోపులు ఎక్కువ మేశాడు. అతని నోటికి తాళం వేసి తాళంచెవి పట్టుకుపోయారని చెప్పేవాళ్లు ఎవరూ లేరు. చెప్పినా వినేవాడు కాడు.

ఎండలు ముదిరాయి. వాగులు ఎండిపోయాయి. అడవి మొత్తానికి ఊటమడుగు ఒక్కటే మిగిలింది. అప్పుడు చతురయ్య ఊటమడుగు సంరక్షణ బిల్లు తెచ్చాడు. సభా వ్యవహారాల మంత్రి అనుమతి ఉన్నవారే ఆ నీళ్లు తాగాలని అందులో ఉంది. బిల్లును మూడుసార్లు చదవాలన్నది నియమం. మొదటిసారి పేరు చదివారు. రెండోసారి చదివినట్టు అనుకున్నారు. మూడోసారికి భోజనాల వేళయింది. వెన్నెలమ్మ దీన్ని ఉపసంఘానికి పంపమంది, ఆ ఉపసంఘంలో తోడేలూ తోడేలు బావమరిదీ కూర్చుని నాలుగు మెతుకులు కతికేలోపు బాగుందన్నారు. మంత్రి తోక ఊపాడు. గోనెయ్య కళ్లు మూసుకుని హాయిగా ఓండ్ర పెట్టాడు. కొమ్మసభ పండ్లు తింటూనే తలలూపింది. పంజా ముద్ర పడింది.

మర్నాడు గోనెయ్య మడుగుకు వెళ్లేసరికి గట్టు చుట్టూ నక్కలు కాపలా ఉన్నాయి. అనుమతి ఏదని అడిగాయి. తాను సభ్యుణ్ణని, ముందు వరసలో కూర్చుంటానని చెప్పుకున్నాడు. నక్కలు పళ్లు ఇకిలించాయి. అతను మంత్రి గుహకు పరుగెత్తాడు. లోపల కుండల నిండా నీళ్లున్నాయి, ఆ తడి వాసన గుమ్మం దాకా వస్తోంది. సభ్యుల నీళ్ల సంగతి పరిశీలనలో ఉందన్నాడు చతురయ్య. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న.

"కానీ మంత్రిగారూ, గొంతు ఎండిపోతోంది" అన్నాడు గోనెయ్య.

"మరి ఔనన్నది నువ్వే కదయ్యా" అన్నాడు చతురయ్య.

ఆ మాట గోనెయ్యకు బట్టీలో తిన్న కర్రదెబ్బల కన్నా గట్టిగా తగిలింది. ఎండుగడ్డి మింగుడుపడక ఉమ్మేశాడు. పిడచకట్టిన నాలుకతో, బుర్రలో ఒకే ఒక్క మాటతో సభకు వచ్చాడు. జీవితంలో మొదటిసారి కాదనాలని వచ్చాడు.

ఆ రోజు ప్రతిపక్షం బిల్లులు పెట్టుకునే రోజు. వెన్నెలమ్మ ప్రతిసారీ పెట్టే బిల్లే పెట్టింది. చతురయ్యను పదవి నుంచి దించి అడవి ఎల్ల దాటించాలని, ఆ చోట తనను కూర్చోబెట్టాలని దాని సారాంశం. ప్రతిసారీ అది ఓడిపోయేది, ఆమె ప్రతిసారీ కన్నీళ్లు పెట్టుకునేది. చతురయ్య ఆవులిస్తూ కూర్చున్నాడు.

గోనెయ్యకు ఏ బిల్లో తెలియదు. అతనికి మడుగు తప్ప ఏదీ కనిపించడం లేదు. లేచి నిలబడి, నాలుగు కాళ్లూ నేలకు తన్నిపట్టి, నా నీళ్లు నాకివ్వండి, నేను కాదంటున్నాను, కాదు, కాదు అని కడుపులోంచి ఓండ్ర పెట్టాడు. ఎండిన గొంతులోంచి వచ్చిన ఆ ఓండ్రకు కోతులు చెవులు మూసుకున్నాయి. అంత గట్టి ఓండ్ర ఆ సభ ఎన్నడూ విని ఉండలేదు.

"సభ ఆమోదించింది" అన్నాడు ఏనుగు.

చతురయ్య ఎగిరి లేచాడు. గోనెయ్య అన్నది కాదని వాదించాడు. ఏనుగు తొండంతో రూలింగ్ చూపించాడు. తలలు లెక్కపెట్టమని చతురయ్య గొంతు చించుకున్నాడు గానీ, గోనెయ్య ఓండ్ర ఇంకా సాగుతూనే ఉండటంతో ఆ మాట కుర్చీ దాకా చేరలేదు. కొమ్మసభ తలలూపింది, పంజా ముద్ర పడింది. పొద్దు వాలేలోపే తోడేళ్లు పక్షం మార్చి, నిన్నటి నాయకుణ్ణి ఎల్ల దాకా తరిమి వచ్చాయి. తాను తవ్విన గోతిలో తానే పడ్డాడని అందరూ నవ్వారు.

గోనెయ్య నవ్వలేదు, మడుగు వైపు పరుగు తీశాడు. గట్టు మీద ఇప్పుడు కుందేళ్లు కాపలా ఉన్నాయి.

"చతురయ్య పోయాడు కదమ్మా" అన్నాడు వెన్నెలమ్మతో.

"ఆయన పోయాడు గానీ, చట్టం ఉంది. మంత్రి అనుమతి అని రాశారు, ఇప్పుడు మంత్రిని నేను. రద్దు చేయాలంటే పద్ధతి ఉంటుంది కదా, రేపు ఉపసంఘం వేస్తాం" అంది వెన్నెలమ్మ. ఆమె మూతి ఇంకా తడిగానే ఉంది.

మర్నాడు ఉపసంఘం తీర్మానం వచ్చింది. మడుగు సంగతి వానలు పడ్డాక ఆలోచించాలని అందులో ఉంది. గోనెయ్య ఈసారి శ్రద్ధగా విన్నాడు, అక్షరం అక్షరం అర్థమైంది. ఏనుగు "కాదనేవారు?" అని అడిగేదాకా ఆగి, సరిగ్గా అప్పుడే, ఉన్న ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని ఓండ్ర పెట్టాడు.

"ఏకగ్రీవం" అన్నాడు ఏనుగు. వెన్నెలమ్మ చప్పట్లు కొడుతూ, గోనెయ్య ముందు ఇంకో ఎండుగడ్డి మోపు వేయించింది.

నీతి: గట్టి గొంతు కావాలనుకున్న ప్రభుత్వం దాన్ని ఎన్నడూ తడవనివ్వకూడదు.