లూమా ముందు, కనేలో వెనక

ఆదివారం ఫైనల్ ఆడాల్సిన మనిషి చేత ఆ వారమంతా లూమా కట్టెలు కొట్టించడం కంటే ఘోరం ఉంటుందా? మీరే చెప్పండి!

మా చిలోయే దీవిలో లూమా అంటే చెట్టు కాదు, పగబట్టిన ఇనుము. గొడ్డలి వేస్తే దిగదు సరికదా, ఎగిరి వెనక్కొచ్చి మన భుజం సంగతి చూస్తుంది. కాకపోతే ఒక్క మొద్దు పొయ్యిలో పడిందంటే దక్షిణపు కొసనున్న మా దీవిని ఆగస్టులో కొరికే చలి కూడా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అందుకే మా ఆవిడ ఓర్ఫెలీనాకి లూమా అంటే ప్రాణం. నేనంటే అంత లేదు.

నేను మా ఊరి జట్టు గోల్‌కీపర్ని. ఊరంతా నన్ను 'గోడ' అంటుంది. మా ఆవిడ మాత్రం 'జల్లెడ' అంటుంది. ఈ వయసులో మళ్లీ ఫైనల్ వస్తుందా? భుజాలు పూలలా దాచుకుంటున్నాను.

"ఏమయ్యో జల్లెడా! శనివారం సాయంత్రం సిలువ మోసే నజరేనో స్వామికి తొమ్మిదిరోజుల ప్రార్థనలు మొదలు, రోజుకో ఇంట్లో. తొలిరోజు మనింట్లోనే. ఊరంతా వస్తుంది. ఆ లూమా మొద్దులు చీల్చిపెట్టు."

"ఆదివారం మ్యాచ్ ఉందే!"

"బంతిని ఆపితే కదా భుజాలు నొప్పెట్టేది? నీకేం భయం?"

చూశారా నోరు!

అప్పుడు తట్టింది నాకా ఉపాయం. వాగు పక్కన పోయినేడు గాలికి కూలిన కనేలో చెట్టుంది. తెల్లటి కట్టె, ఎండి గలగలలాడుతోంది. గొడ్డలి చూపిస్తే చాలు, రెండుగా విడిపోతుంది. దాని పొగ మిరపకాయలా ఘాటనీ, దాని మీద మాంసం కాలిస్తే నోట పెట్టలేమనీ దీవిలో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. కానీ అది ఆరుబయట మంట సంగతి. మాది ఇనుప పొయ్యి, పైన నిటారుగా గొట్టం. పొగ గొట్టంలోంచి పోయి పైన పక్షుల్ని ఏడిపిస్తే మనకేం?

రెండు పూటల్లో పని ముగించాను. కట్టెల పాకలో కనేలోని వెనక పేర్చి, ముందు వరసంతా మా మామగారు ఎప్పుడో చీల్చి ఇచ్చిన లూమా ముక్కలు నిలబెట్టాను. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి మురిసిపోయింది.

"ఇంత పనిమంతుడివని తెలియక ఇన్నాళ్లూ తిట్టాను కదయ్యా!" అని కోడి తొడ నా పళ్లెంలో వేసింది. ఆ తొడ గొంతు దిగడానికి కొంచెం మొరాయించింది కానీ, దిగింది.

శనివారం సాయంత్రం జనం దిగారు. ముందొచ్చిన ముసలమ్మలు పొయ్యి చుట్టూ బల్లలన్నీ ఆక్రమించి, చలి చలి అంటూ లూమా ముక్కలు తలా ఒకటి లోపలికి తోశారు. ప్రార్థన చెప్పించే పెద్దాయన డాన్ బెలార్మినో వచ్చేసరికి నా ముందు వరస కాస్తా హారతి కర్పూరమైంది!

"కట్టెలు పట్రా బావా!" అన్నాడు ఈల వెనాన్సియో. మా జట్టు కెప్టెన్. నిద్రలో కూడా మెడలో ఈల తియ్యడు.

"నేను తెస్తా, నేను తెస్తా!" అని లేచాను. ఆలోపే ఇద్దరు ఆడవాళ్లు పాకలోంచి ఒళ్లో నింపుకుని వచ్చేశారు. తెల్లటి కట్టెలు!

సరిగ్గా అప్పుడే ఉత్తరపు గాలి లేచింది. వానతో కలిసి గొట్టంలోకి దూరి, బయటికి పోవాల్సిన పొగని మెడబట్టి ఇంట్లోకి నెట్టింది.

మొదట ముసలమ్మలు ముక్కు చీదారు. తరవాత వరస వెనక వరస. నజరేనో స్వామి సిలువ మోసే ఘట్టం దగ్గరకి వచ్చేసరికి ఇల్లంతా వెక్కివెక్కి ఏడుస్తోంది! వెనాన్సియో ఈల తుడుచుకుని మరీ ఏడుస్తున్నాడు. నిరుడు సొంత తమ్ముడు పోతే కన్ను తడవని రొట్టెల పాంటలియోన్ కూడా గోడకి తలానించి కుళ్లికుళ్లి ఏడుస్తున్నాడు.

డాన్ బెలార్మినో పుస్తకం మూసేశాడు. బుగ్గల మీద ధారలు.

"నలభై ఏళ్లుగా చెప్పిస్తున్నా ఈ ప్రార్థన," అన్నాడు గద్గదంగా. "ఇంత భక్తి ఏ ఇంట్లో చూడలేదయ్యా! స్వామి ఈ ఇంటినే కోరుకున్నాడు. మిగిలిన రోజులు కూడా ఇక్కడే!"

మా ఆవిడ మాత్రం పొయ్యి తలుపు తీసి లోపలికి చూసింది. ఒకసారి వాసన పీల్చింది. నా వైపు తిరిగింది. కళ్లల్లో నీళ్లున్నాయి, కానీ ఆ చూపు భక్తి కాదు.

నేను గోడకి అతుక్కుపోయాను. ఇప్పుడు చెప్పేస్తే? ఏడ్చిన ఊరంతా కలిసి నన్ను కనేలో కట్టెలా చీలుస్తుంది.

"మహాభాగ్యం పెద్దయ్యా!" అంది ఓర్ఫెలీనా చేతులు జోడించి. "ఈయన కూడా ఇందాకే నా చెవిలో మొక్కుకున్నాడు. స్వామి ఇక్కడున్నన్ని రోజులూ పొయ్యిలోకి లూమా తప్ప ఇంకోటి వెయ్యనని, అదీ తన చేత్తోనే చీలుస్తానని! రేపు పొద్దున్నే మొదలు!"

"రేపు ఫైనల్!" కీచుమన్నాను.

ఇల్లంతా నా వైపు చూసింది.

"స్వామి ముందు బంతేంటి బావా!" అని వెనాన్సియో నన్ను కావలించుకుని నా భుజం మీద ముక్కు తుడుచుకున్నాడు. "నీ మొక్కుకి నేను అడ్డొస్తానా? మన పాంటలియోన్ నిలబడతాడులే. అడ్డంగా ఉంటాడు, గోలు సగం వాడితోనే నిండిపోతుంది."

అందరూ వెళ్లాక మా ఆవిడ తలుపు గడియ పెట్టింది.

"ఒక్క మాట తిట్టవే, మనసు కుదుటపడుతుంది," అన్నాను.

"మొక్కున్న మనిషిని తిడితే పాపం కదయ్యా!" అని దుప్పటి ముసుగేసింది.

ఆదివారం వాగుకి అవతల మైదానంలో ఊరంతా కేకలు. ఇవతల పెరట్లో నేనూ, లూమా. కేక వినపడిన ప్రతిసారీ గొడ్డలి గాల్లోనే ఆపి, "మనదా? వాళ్లదా?" అని ఓర్ఫెలీనాని అడిగేవాణ్ణి. ఆవిడ కిటికీలోంచి మెడ సాచి చూసి, "కొట్టు, కొట్టు," అనేది.

గెలిచాం! పాంటలియోన్‌కి ఒక్క గోలు కూడా పడలేదట. సాయంత్రం ప్రార్థన అయ్యాక జట్టంతా కప్పుతో మా ఇంటికే వచ్చింది. పొయ్యి చుట్టూ కూచుని, ఆపిల్ సారా తాగుతూ, బూట్లు విప్పి పాదాలు కాచుకుంటూ పాంటలియోన్‌ని 'కోట' అని పిలవడం మొదలుపెట్టారు. గోడకంటే కోట పెద్దది కదా!

"ఏం వేడి, ఏం వేడి!" అన్నాడు కోట, నేను పొద్దంతా చీల్చినవాటిలో మరో రెండు పొయ్యిలోకి విసిరి. "నీ లూమా ముందు కప్పు ఏపాటిది బావా!"

నేను కప్పుని ఒక్కసారి చేత్తో పట్టుకుందామని లేవబోయాను. భుజాలు లేవలేదు.