ఇరవై ఆరు డబ్బాలు, ఒక్కటే పొయ్యి

"నేటి నుండి ఈ కార్యాలయమునందు మానవ శరీరములోనికి ప్రవేశించు ప్రతి ముద్దయు గృహమునందలి పొయ్యిపై ఉడికినదై యుండవలెను! కర్మాగారములలో తయారై ప్యాకెట్లలో బంధింపబడిన ఆహారము ఇకపై శత్రువుగా పరిగణింపబడును!"

తూనికలు, కొలతల కార్యాలయం డైరెక్టరుగారు ఈ ప్రకటనను మెట్లమీద నిలబడి స్వయంగా చదివారు. "శత్రువు" అన్నమాటను రెండుసార్లు చదివారు. సిబ్బంది చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది క్యాంటీన్ వంటమ్మ. ఎందుకు కొట్టదు? పదిహేనేళ్ళుగా ఆవిడ వంటగదిలో ప్యాకెట్టు అన్నది అడుగుపెట్టలేదు. తెల్లవారకుండా సంతకెళ్ళి కూరలు తెచ్చేది, పప్పు తనే ఏరేది, ముడిబియ్యం తనే కడిగేది. ఇన్నాళ్ళకు తన గరిటెకు గౌరవం దక్కుతోందని ఆవిడ కళ్ళు చెమర్చాయి.

ప్రకటనకు రెండో పేజీ కూడా ఉంది.

"కావున, గృహము కాని క్యాంటీనును నేటితో మూసివేయడమైనది."

వంటమ్మ చప్పట్లు గాలిలోనే ఆగిపోయాయి. తిన్నగా డైరెక్టరుగారి గదికి వెళ్ళింది.

"సార్, నా వంటలో ప్యాకెట్టు ఎక్కడుంది సార్?"

"లేదమ్మా. ఉందని ఎవరన్నారు?"

"అన్నీ తాజా కూరలే కద సార్?"

"తాజావే. నేనూ తింటున్నానుగా."

"మరి మూసెయ్యడం దేనికి?"

"ఇది ఇల్లా?"

"కాదు సార్, క్యాంటీను."

"చూశావా! నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు."

అంతటి తర్కానికి ఎదురేముంటుంది! ఆ సాయంత్రమే వంటగదికి తాళం పడింది. తాళంచెవి మిల్లీగ్రాము నడుముకు చేరింది. మిల్లీగ్రాము అంటే ఆఫీసులో తనిఖీ ఇన్‌స్పెక్టరు. బక్కపలచని మనిషి. వ్యాపారుల కాటాలో చీమ తలంత తేడా ఉన్నా పట్టేస్తాడని ఆ పేరు. వ్యాపారుల దగ్గర పట్టుకొచ్చిన దొంగకాటాలన్నీ ఆయన వంటగదిలో పెట్టించాడు. నడుమెత్తు బండ, జంట పొయ్యిలు, తూర్పు వెలుతురు పడే కిటికీ... వంటమ్మ పదిహేనేళ్ళు తుడిచి తుడిచి అద్దంలా ఉంచుకున్న బండమీద ఇప్పుడు తుప్పు పట్టిన పళ్ళేలు! దారిన పోతూ ఆ కిటికీలోంచి తొంగిచూసిన రోజు ఆవిడకు అన్నం సయించలేదు.

"బండ మీద కాటాలు పెట్టారత్తయ్యా," అంది ఇంటికొచ్చి.

అత్తగారు చాటలో పప్పు ఏరుతోంది. "పెట్టనీ. దొంగలకి కూడా తలదాచుకోడానికి చోటు కావాలిగా. నీకు కావలసింది ఆ చోటేనంటావా?"

"ఆ చోటే అత్తయ్యా. ఇంకేం వద్దు."

"అయితే ఏడవకు. కడుపులు ఊరికే ఉండవు. వాటంతటవే వస్తాయి."

ఇక ఆఫీసులో ఇంటివంట యుగం మొదలైంది. ప్రతివాళ్ళూ డబ్బాతో పాటు "ఇంటివంట ధ్రువపత్రం" తేవాలి. వండినవారి పేరు, తిన్నవారితో బంధుత్వం, పొయ్యి ఎవరిది వగైరా పదకొండు గడులు. గేటు దగ్గర మిల్లీగ్రాము డబ్బాను కాటాలో పెట్టి, తూకం రాసుకుని, ముద్ర వేసి లోపలికి పంపేవాడు.

"మూత తీసి చూడరా సార్?" అనడిగింది టైపిస్టు మొదటిరోజు.

"మూత తీసే అధికారం నాకు లేదు. తూకం వరకే."

అది తెలిశాక ఆఫీసులో అందరికీ ఊపిరాడింది. ఇన్నాళ్ళూ మధ్యాహ్నం వంటమ్మ వడ్డిస్తే తిని త్రేన్చినవాళ్ళే వీళ్ళంతా. ఇళ్ళల్లో చూస్తే మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ ఏడింటికల్లా పరుగులు. ఎవరు వండాలి? ప్యాకెట్టు కత్తిరించడం, వేడినీళ్ళు పోయడం, డబ్బాలోకి వంచడం. ఆఫీసులో కత్తిరిస్తే నేరం, ఇంట్లో కత్తిరిస్తే సంసారం! ఆ విధంగా ఆ కార్యాలయ చరిత్రలో మొట్టమొదటిసారిగా ఇరవై ఆరుగురూ ప్యాకెట్టు తిండి తినసాగారు. ధ్రువపత్రాలు మాత్రం కట్టలు కట్టలుగా పెరిగాయి.

మూడోవారం కల్లా పొట్టలు తిరగబడ్డాయి. మధ్యాహ్నం రెండింటికి ఆఫీసంతా ఒకటే గుడగుడలు. కిలోరాళ్ళు సరిచూసే గదిలో నిశ్శబ్దం తప్పనిసరి గనక అక్కడ మరీ బాగా వినపడేది.

ముందుగా వచ్చింది టైపిస్టే. ఆఫీసు వెనక సందులో వంటమ్మ ఇల్లు. దొడ్డివాకిలి తలుపు రెండు వేళ్ళతో తట్టింది.

"అక్కా! నా కడుపు నా మాట వినడం లేదక్కా. కాస్త పప్పు పెడతావా? గుమ్మడికాయ నేనే తెచ్చాను, ఇదిగో."

"పట్టుకొచ్చావు సరే, పత్రంలో ఏం రాస్తావే?" అంది అత్తగారు.

"వండినది మా పెద్దమ్మ అని రాస్తాను."

"ఓసి నీ తెలివి తగలెయ్యా! నిన్నటిదాకా అక్క, తెల్లారేసరికి పెద్దమ్మా!"

వెనకాలే ఇద్దరు గుమాస్తాలు. ఆ వెనక లెక్కలాయన. ఒకరు ఆకుకూర తెస్తే ఒకరు అలసంద గింజలు తెచ్చారు. వంటమ్మ ఉన్న ఒక్క పొయ్యిమీదే, ముక్కాలిపీట మీద ఒళ్ళు ముడుచుకుని కూర్చుని వండేది. మోకాళ్ళు సలిపేవి. వంటిల్లెంతంటే, గరిటె తిప్పితే మోచెయ్యి గోడకు తగిలేది. నెల తిరిగేసరికి ఆవిడ ఇరవై నాలుగు కుటుంబాలకు ఆత్మబంధువైపోయింది. ఒకరికి మేనత్త, ఒకరికి వదిన, ఒకరికి పిన్ని. పదవీ విరమణకు దగ్గరపడిన లెక్కలాయన అయితే సంకోచం లేకుండా "అమ్మమ్మ" అని రాశాడు.

ఇరవై ఐదోది మిల్లీగ్రాము డబ్బా. వచ్చి డబ్బా చాచి నిలబడ్డాడు. నడుముకు వంటగది తాళంచెవి వేలాడుతోంది. వంటమ్మ చూపు దానిమీదే ఉంది.

"పెట్టమ్మా," అన్నాడు తలొంచుకుని. "తూకం లేకపోయినా ఫర్వాలేదు."

ఇక ఇరవై ఆరోది. ఒక రోజు మసకచీకట్లోనే దొడ్డివాకిట్లో బూట్ల చప్పుడైంది. ఉదయపు నడకకు బయల్దేరిన డైరెక్టరుగారు శాలువా కప్పుకుని, శాలువా కింద ఏదో దాచుకుని నిలబడి ఉన్నారు.

"అమ్మా, మీరు... అంటే... పరిశీలన నిమిత్తం ఒక నమూనా కావాలి."

ఆయన నోట "మీరు" అన్నమాట వినడం వంటమ్మకు అదే మొదలు.

"ఎంత నమూనా సార్?"

శాలువా కిందనుంచి నాలుగు గిన్నెల డబ్బా బయటికొచ్చింది. ఆ తర్వాత పరిశీలన రోజూ జరుగుతూనే వచ్చింది. చాలా లోతైన పరిశీలన!

ఇంతలో పిడుగులాంటి కబురు. ఈ కార్యాలయపు ఇంటివంట విజయాన్ని కళ్ళారా చూడడానికి ఉన్నతస్థాయి సంఘం వస్తోందట! వచ్చే మంగళవారమట! అని అందరూ అనుకుంటూ ఉండగానే ఈ శుక్రవారమే వచ్చి గేటు దగ్గర కారు దిగారు సంఘం చైర్మన్‌గారు. పూర్వం ఆయనా ఈ శాఖలోనే పనిచేసిన మనిషి. జీవితమంతా కిలోరాళ్ళను చూసి చూసి మనుషుల్ని కూడా చేత్తో ఎత్తిచూసినట్టు చూసేవారు.

"డబ్బాలన్నీ బల్లమీద పెట్టండి. మూతలు తియ్యండి!"

ఇరవై ఆరు మొహాలు ఒక్కసారిగా తెల్లబోయాయి. బల్ల తుడవడానికి మనిషి కావాలని అప్పటికప్పుడు వంటమ్మను పిలిపించారు. ఆవిడ తుడిచి, గుడ్డ చేతిలో పట్టుకుని గోడపక్కన నిలబడింది. మూతలు లేచాయి. ఇరవై ఆరు డబ్బాల్లోనూ అదే గుమ్మడికాయ కూర, అదే ఆకుకూర పప్పు, అవే ఉడికిన గింజలు! గుమ్మడి ముక్కలన్నీ మూడుమూలలుగా, ఒకే చేతి కోత!

చైర్మన్‌గారు మొదటి డబ్బాలో చెంచా పెట్టి రుచి చూశారు.

"ఇది ఎవరు వండారు?"

"మా పెద్దమ్మండి."

"ఇది?"

"మా వదినండి."

"ఇదో?"

"మా అమ్మమ్మండి," అన్నాడు నెరసిన జుట్టు సవరించుకుంటూ లెక్కలాయన.

చివరి డబ్బా దగ్గర డైరెక్టరుగారు "మా ఆవిడ," అన్నారు. జరిగినదంతటిలోకీ పెద్ద అబద్ధం అదే. ఆ ఇల్లాలు ఎసరు పెట్టి ఎన్నాళ్ళయిందో ఆ ఇంటి గిన్నెలకే తెలియాలి.

చైర్మన్‌గారి చెంచా ఆగింది. "కాటా తెండి!"

మిల్లీగ్రాము సున్నితపు కాటా తెచ్చాడు. ఒక పళ్ళెంలో పెద్దమ్మ గుమ్మడిముక్క, రెండో పళ్ళెంలో వదిన గుమ్మడిముక్క. ముల్లు కదల్లేదు! వదిన ముక్క తీసి అమ్మమ్మ ముక్క వేశారు. కదల్లేదు! అయిపోయింది, అనుకుంది వంటమ్మ. వంటగదికి పడిన తాళం ఇక దొడ్డివాకిలికీ పడుతుంది.

చైర్మన్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ముప్పై ఏళ్ళు," అన్నారు. "కిలోకు ప్రమాణం ఉంది. మీటరుకు ప్రమాణం ఉంది. ఇంటివంటకు మాత్రం ప్రమాణం లేదని ముప్పై ఏళ్ళు కుమిలిపోయాను. ఇరవై ఆరు ఇళ్ళు! ఒకటే ఉప్పు! ఒకటే తూకం! డైరెక్టరుగారూ, ఏం సాధించారండీ!"

డైరెక్టరుగారు వెంటనే సాధించినవాడి మొహం పెట్టారు. వంటమ్మకు ఇక ఉండబట్టలేదు.

"అయ్యా, ఇళ్ళు ఇరవై ఆరు కాదండీ. పొయ్యి ఒక్కటే. అది నాది."

డైరెక్టరుగారు గోడకు చేరగిలబడ్డారు. చైర్మన్‌గారు మాత్రం కుర్చీలోంచి గంతేసినంత పనిచేశారు.

"ఒక్క పొయ్యి నుంచి ఇరవై ఆరుగురికా! అయితే ఒక్క కర్మాగారం నుంచి ఇరవై ఆరు లక్షలమందికి ఎందుకు కుదరదు? రాసుకోండయ్యా! ఈ ఇంటివంటను ఇలాగే తయారుచేసి, ఎండబెట్టి, ప్యాకెట్లలో నింపి, కార్యాలయాలన్నిటికీ పంపాలి. పేరు కూడా తట్టింది. 'ఇంటివంట'!"

"ప్యాకెట్టు శత్రువన్నారు కదండీ?" అంది వంటమ్మ.

"ఆ ప్యాకెట్టు వేరు, ఇది వేరమ్మా. ఇందులో ఉండేది ఇంటివంట! సరే, నీకేం కావాలో కోరుకో."

"నా వంటగది తాళంచెవి, అయ్యా."

"ఇస్తాం. ప్యాకెట్లు వేడిచేయడానికి ఎలాగూ గది కావాలి."

నెలన్నరకు కర్మాగారం నుంచి కాయితం వచ్చింది. వంటమ్మ చెప్పిన వంటకు సరుకులు ఏడు. కాయితంలో ముప్పై ఒకటి ఉన్నాయి. నిలవ ఉంచేవి, రంగు నిలిపేవి, నిలిచిన రంగును మెరిపించేవి. కింద "ఇవన్నియు మా ఇంట ఉన్నవియే" అని అచ్చు, దాని కింద సంతకానికి చుక్కలు. డైరెక్టరుగారు కలం మూత తీసి మరీ అందించారు.

వంటమ్మ ఆసాంతం చదివింది. అచ్చువాక్యాన్ని కొట్టేసి, "వీటిలో మా ఇంట్లో ఉన్నవి నీళ్ళు, ఉప్పు" అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం చేసింది. సంతకం ఉందా లేదా అన్నది నలుగురు అధికారులు చూశారు. పైన ఏముందో చదివే అధికారం బహుశా వాళ్ళకు లేదు. తాళంచెవి వచ్చింది.

వంటగదిలో దొంగకాటాలు ఖాళీ అయ్యాయి. బండ మళ్ళీ మెరిసింది. తలుపు మీద "ప్యాకెట్లు వేడిచేయు గది" అని బోర్డు. లోపల జంట పొయ్యిల మీద ఒకవైపు పప్పు, ఒకవైపు కూర. మధ్యాహ్నం అందరూ వరసగా కూర్చుని తాజా వంట తినేవారు. సాయంత్రం తలా రెండు ప్యాకెట్లు సంచిలో వేసుకుని ఇంటికెళ్ళేవారు. "ప్యాకెట్ల వినియోగం నూటికి నూరు శాతం" అని మిల్లీగ్రాము నివేదిక రాసేవాడు. అందులో అణువంతైనా అబద్ధం లేదు.

అలా మూడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం డైరెక్టరుగారు కిటికీకి దగ్గరగా కూర్చుని మూడోసారి పప్పు వడ్డించుకుంటున్నారు. కిటికీ బయట నుంచి ఒక డబ్బా లోపలికి వచ్చింది. దాని వెనక గాజులచెయ్యి.

"కాస్త ఏదైనా వండింది ఉంటే పెట్టు తల్లీ, నీకు పుణ్యముంటుంది. ఆ ప్యాకెట్టు ఇంక నావల్ల కాదు. ఆయనకు మాత్రం తెలియనీకు!"

ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. డైరెక్టరుగారు తలెత్తి చూశారు. ఆయన భార్య తొంగిచూసింది. ముందు ఆయన పళ్ళెం వంక, తర్వాత ఆయన మొహం వంక.

"నువ్వా!" అన్నారాయన. "ఇంట్లో ఇంటివంట ఉందిగా?"

"ఉంది. అలమర నిండా ఉంది. రాత్రికి త్వరగా రండి, అంతా మీకే పెడతాను."

డైరెక్టరుగారికి పొలమారింది. వంటమ్మ ఆయన ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టి, గరిటెతోనే బల్ల చివరికి దారి చూపించింది.

"కాస్త అటు జరగండి సార్. అమ్మగారు నిలబడే ఉన్నారు."