వీధిలోంచి కనిపించిన తలుపు

వరసగా మూడు టెండర్లు పోయాయి. మూడుసార్లూ ఎదుటి కొట్టాయన నా ధరకి సరిగ్గా ఒక్క రూపాయి తగ్గించి వేశాడు. అందుకని ఆయనకి 'రూపాయి తక్కువాయన' అని పేరు పెట్టాను. పేరు పెట్టడానికి ఖర్చు లేదు కదా!

నాది కుళాయిలు, గొట్టాల వ్యాపారం. నా ధరలు తెలిసినవాళ్ళం ఇద్దరమే: నేను, పద్దెనిమిదేళ్ళుగా నా దగ్గరున్న గుమాస్తా. నన్ను నేను తీసేసుకోలేను గనక, సోమవారం దొంగ అని తిట్టి ఆయన్ని తీసేశాను.

"ఆధారమేదీ?" అంది మా ఆవిడ.

"ధరలుండేది కంప్యూటర్లో. దాని తలుపులన్నీ బిగించి ఉన్నాయని చూపిస్తా. ఇక మిగిలేది ఆయనేగా!"

"మనిషిని పంపేశాక ఆధారం వెతుకుతారన్నమాట."

కంప్యూటర్‌కి అరవై అయిదు వేల పైచిలుకు తలుపులుంటాయి. వాటినే పోర్టులంటారు. పోర్టు స్కానింగ్ అంటే ఒక్కొక్కటీ తట్టి చూడటం. పలికితే తెరిచి ఉన్నట్టు. 'లేదు పో' అంటే మూసి ఉన్నట్టు. ఉలుకూ పలుకూ లేకపోతే మధ్యలో ఎవరో కాపలా ఉన్నట్టు. నాలుగు రోజుల్లో ఇంతవరకూ నేర్చుకుని, కొట్టులోనే కూర్చుని అన్నీ తట్టించాను. ఒక్కటి తప్ప అన్నీ మూసే ఉన్నాయి.

"ఆ ఒక్కటీ?"

"నాదేలే. మేడమీద పడుకుని సరుకు చూసుకోవడానికి పెట్టించా."

"మేడమీదికేనా?"

"ఎక్కడున్నా కనబడాలన్నాను నెట్ వాడితో."

"పాస్‌వర్డ్?"

"గుర్తుండటం లేదని తీయించేశా."

ఆవిడ వీధి చివరనున్న వాళ్ళక్క ఇంటికి వెళ్ళింది. గంటలో వచ్చి, ఫోన్ నా ముందు పెట్టింది. నాలుగో టెండర్‌కి నేను రాసుకున్న ధరలు, పైసలతో సహా!

"అక్క వాళ్ళ నెట్‌లోంచి తట్టాను, తెరుచుకుంది. ఇంట్లో కూర్చుని తడితే ఏం తెలుస్తుందండీ? వీధిలోకి ఏది తెరుచుకుందో వీధిలోంచే తట్టి చూడాలి. ఎక్కడున్నా కనబడాలన్నారుగా, కనబడుతోంది. అందరికీ."

చెప్పులేసుకుని గుమాస్తా ఇంటికి పరుగెత్తాను. ఆయన భార్య గుమ్మంలోనే నిలబడి నన్ను లోపలికి రమ్మనలేదు.

"నిన్ననే వేరే పనిలో చేరారండీ. మీరు దొంగ అన్నాక ఇంకెవరూ పిలవలేదు. మీ ఎదుటి కొట్టాయన ఒక్కరే పిలిచారు."

తిరిగొచ్చేసరికి ఆ ఒక్క తలుపూ మూయించి, పాస్‌వర్డ్ పెట్టేసింది మా ఆవిడ.

"గుమాస్తా బాబాయిగారు వస్తానన్నారా?"

చెప్పాను.

"మన ధరలన్నీ ఆయనకి నోటికొచ్చు కదండీ?"

"వచ్చు."

"పద్దెనిమిదేళ్ళలో ఒక్కటీ బయటపెట్టలేదు పాపం. ఇకమీదట అదే ఆయన ఉద్యోగం."

కొత్త పాస్‌వర్డ్ ఏమిటని నేను అడగలేదు. ఆవిడ చెప్పనూ లేదు.