అర సెంటీమీటరైనా తేడా రాకూడదు

వానలు మొహం చాటేసి వేరుశనగ మాడిపోతున్న ఏడాది, పావగడ బస్టాండు సభలో మంత్రిగారు చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు. నిడుగల్లు కొండకింద ఉన్న పాత మంటపం గోడను ఫోటోలతోనే కొలిపించి, అర సెంటీమీటరైనా తేడా లేకుండా భావితరాలకు అందిస్తామన్నారు. తాగే నీళ్ల సంగతేమిటని అడిగిన వెంకటక్కకూ అదే జవాబు వర్తిస్తుందన్నారు. అందరికన్నా ముందు చప్పట్లు మొదలుపెట్టి, అందరికన్నా ఆలస్యంగా ఆపినవాడు గుండప్ప.

గుండప్ప నిడుగల్లులో పార్టీ కార్యకర్త. అతనికి ఉన్న కోరికల్లా ఒక్కటే, మండల పంచాయతీకి పెద్ద అయ్యే ప్రధాన్ పదవికి పార్టీ టికెట్. దానికోసం నడుమును ఎన్నడో ప్రజాసేవకు అంకితం చేశాడు. మంత్రిగారి ఎదుట అతను నిటారుగా నిలబడగా చూసినవాళ్లు తాలూకాలోనే లేరు.

కొలిచే రోజు ఇంజనీరు గంగాధర కెమెరాతో దిగాడు. నల్ల ప్లస్ గుర్తున్న తెల్ల చీటీలు గోడంతా అంటించి, చూడవచ్చిన మంత్రిగారికి వివరించాడు.

"ఈ చీటీల మధ్య దూరం టేపుతో కొలుస్తాం సార్. గోడను రెండు చోట్ల నుంచి ఫోటో తీస్తాం, మన రెండు కళ్లు చూసినట్టు. బెంగళూరులో మిషన్ ఆ రెండూ కలిపి, గోడ ఎత్తుపల్లాలన్నీ గీసేస్తుంది."

"అంతా బాగానే ఉండాది గానీ, నేను యాడ నిలబడాల?" అన్నారు మంత్రిగారు.

"మీరు ఉండకూడదు సార్. గోడకు అడ్డమొస్తే..."

గుండప్ప మధ్యలో దూరాడు. "ఏందప్పా నువ్వు! మంత్రిగారు లేకుండా ఫోటోనా? గోడ యాడికన్నా పోతాదా?"

మంత్రిగారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. చీటీలు చూసి ముచ్చటపడ్డారు. "గోడకంతా బ్యాడ్జీలు పెట్టినారే, నాదేదప్పా?"

గుండప్ప భక్తితో ఒక చీటీ మంత్రిగారి పొట్ట మీద అంటించాడు. ఇంకొకటి తన వీపు మీద అంటింపించుకున్నాడు. పక్కనే చేరి, అలవాటు కొద్దీ చేతులు జోడించి వంగాడు.

"రెండు ఫోటోలూ అయ్యేదాకా ఎవరూ కదలకూడదు సార్," అని బతిమాలాడు ఇంజనీరు. మూడు పార్టీలు మారిన మంత్రిగారు ఆరోజు ఉన్నచోటనే ఉండిపోయారు. ఊరంతా వింతగా చూసింది.

బెంగళూరులో మిషన్ దగ్గర కూర్చున్న ఉద్యోగి నిప్పులాంటి మనిషి. చీటీ అంటించినదంతా గోడే అన్నది ఆఫీసు రూలు. రూలు ప్రకారమే గీశాడు. డ్రాయింగు మీద 'తేడా లేదు' అని సీలు కూడా పడింది.

ఆ తర్వాత ఆలస్యంగానైనా వాన వచ్చింది, గోడ కూలింది. ఎన్నికలు వచ్చాయి, మంత్రిగారు కూలారు. గుండప్ప ఆ రెంటికన్నా ముందే అవతలి పక్కకు ఒరిగాడు. బెంగళూరు పోయి కొత్త మంత్రిగారి బంగళా గుమ్మంలోనే మకాం వేశాడు.

"ఆ పాతాయన ముందర నేనెప్పుడూ దండం పెట్టి ఎరగను సామీ, మా ఇలవేల్పు తోడు!" అని ఒట్టేశాడు. టికెట్ దాదాపు ఖాయమైంది. ఆనందంతో గుండప్పకు అన్నం సయించలేదు.

ఇక్కడ నిడుగల్లులో, సీలు పడిన డ్రాయింగు ప్రకారం రాతిపని దాసన్న గోడ తిరిగి కడుతున్నాడు.

"గోడకు ఈ ఉబ్బు ఏంది సారూ?"

"డ్రాయింగులో ఉంటే గోడలో ఉన్నట్టే. చెక్కు," అన్నాడు గంగాధర.

ప్రారంభోత్సవం నాడు కొత్త మంత్రిగారు తెర లాగారు. మేకలు తోలుకుపోతున్న హొన్నమ్మ ఆగి, బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో నా తల్లీ! ఈ పొట్ట మన పాత మంత్రిది కదప్పా!"

కొత్త మంత్రిగారి కళ్లు ఎర్రబడ్డాయి. "దాని పక్కన వంగి దండం పెడతా ఉండేది ఎవురు?"

గుండప్పకు టికెట్ కళ్లముందే కొండెక్కిపోతోంది. "నాకు తెల్దు సామీ! ఎవురో పాతకాలం రాజుల బంటు అయ్యుంటాడు సామీ! నన్ను నమ్మాల సామీ!" అంటూ చేతులు జోడించి వంగాడు. కంగారులో వంగింది సరిగ్గా ఆ రాతి బంటు పక్కనే.

జనం నోళ్లు మూసుకుని నవ్వు ఆపుకుంటున్నారు. గంగాధర మాత్రం ఎవరి మొహమూ చూడలేదు. వృత్తి ధర్మం అలాంటిది. జేబులోంచి టేపు తీసి ముందు రాతి వీపు కొలిచాడు, తర్వాత గుండప్ప వీపు కొలిచాడు. అతని మొహం వెలిగిపోయింది.

"అర సెంటీమీటరైనా తేడా లేదు సార్!"