తెరచాపకు లాల్‌బీ మడత

2005లో ఒక శనివారం పొద్దున అయాజ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. హిందూపురంలో ఏడు గంటల బస్సెక్కాలి, పెనుకొండ మీదుగా ధర్మవరం చేరాలి, విజ్ఞాన ప్రదర్శనలో తన సౌర తెరచాపను విప్పి చూపాలి. చక్కగా విప్పుకుంటే బెంగళూరు ప్రదర్శనకు ఎంపిక. గత రెండేళ్లూ అది చిక్కుపడి చిరిగింది. ఈసారీ అంతే అయితే ఈ ఫిజిక్స్ లెక్చరర్‌ను ఇక పంపేది లేదని ప్రిన్సిపాల్ ముందే చెప్పేశాడు.

తెరచాప అంటే వెండిలా మెరిసే పల్చటి ప్లాస్టిక్ రేకు, గదంత వెడల్పు. చాలా ఎత్తులో తిరిగే పాడైన ఉపగ్రహాలు వాటంతటవి కిందికి రావు. అడ్డుకునే గాలి అక్కడ లేదు. వాటికి ఇలాంటి తెరచాప కడితే ఎండే మెల్లగా, ఏళ్ల తరబడి తోసి, దారికి అడ్డం లేకుండా తప్పిస్తుంది. ఎండతో ఆకాశాన్ని ఊడవడం! ఎంత అందమైన ఆలోచనో. చిక్కల్లా దాన్ని టిఫిన్ డబ్బాలో పట్టేలా మడవడమే. అయాజ్ ఆ మడత కోసం పదకొండు రోజులు లెక్కలు వేశాడు.

పక్క సీట్లో వాళ్లమ్మ లాల్‌బీ. ధర్మవరం పట్టుచీరల అంగళ్లకు ముప్పై ఏళ్లుగా చీరలు మడిచిన చెయ్యి ఆమెది. బస్సు పెనుకొండలో ఆగాక తీరిగ్గా చెప్పింది.

"పొద్దున నీ డబ్బా తీసి చూస్తి. ఏం మడతరా అది, అసయ్యంగా ఉండాది. నేనే సరిగ్గా మడిచిపెట్టినా."

"కొంప ముంచినావు కదమ్మా!"

అయాజ్ డబ్బాతో కిందికి దూకాడు. బస్టాండు అరుగు మీద రేకు పరిచి, తన మడత మళ్లీ వేయబోయాడు. కొండగాలి ఒక్క విసురు విసిరింది. రేకు లేచి ఎదురుగా వస్తున్న బస్సు అద్దానికి అతుక్కుంది. డ్రైవరు బ్రేకు వేశాడు, జనం మూగారు, కానిస్టేబులు ఓబుళప్ప పరుగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా ఇది? యాడిది?"

కంగారులో అయాజ్ పాఠం మొదలుపెట్టాడు. "పైన పాత ఉపగ్రహాలు ఉంటాయి కదా సార్, ఆ చెత్త..."

"ఆకాశంలోంచి పడిందంట!" అని ఎవరో అరిచారు. నిమ్మకాయలమ్మే వెంకటక్క అది పడటం కళ్లారా చూశానంది. ఇంకొకాయన పొగ కూడా చూశాడు. ఓబుళప్ప రేకును స్వాధీనం చేసుకుని, 'ఉపగ్రహం ముక్క, ఒకటి' అని పుస్తకంలో రాసుకున్నాడు. అంతరిక్షపు చెత్తను ఊడవాల్సిన వస్తువు చెత్త కింద నమోదైంది. అయాజ్‌కు ఏడుపొక్కటే తక్కువ.

లాల్‌బీ నింపాదిగా బస్సు దిగింది.

"ఏమప్పా పోలీసప్పా, పైనుంచి పడిండేదానికి మడత గీతలు యాడనుంచి వస్తాయి? అవి నా చేతివి. ఆ కొస పట్టుకో, చూపిస్తా."

చట్టం కొస పట్టుకుంది. ఆమె వేళ్లు కదిలిన చోటల్లా రేకు పాత గీతల వెంబడే బుద్ధిగా ముడుచుకుంది. అయిదు నిమిషాల్లో గదంత రేకు డబ్బాలో కూర్చుంది. ఓబుళప్ప నోరెళ్లబెట్టి, రాసింది కొట్టేశాడు.

ఈ గొడవలో ఎక్కొచ్చిన బస్సు వెళ్లిపోయింది. ఇంకోటి దొరికి ధర్మవరం చేరేసరికి ప్రదర్శన ముగియబోతోంది. మడత మార్చే వ్యవధి లేదు. అయాజ్ కళ్లు మూసుకుని, రేకు కొసలకు కట్టిన దారాలు లాగాడు. ఒక్క లాగుడుకే తెరచాప చిన్న ముడతైనా లేకుండా హాలు మధ్య మెరుస్తూ పరుచుకుంది.

"ఈ మడత ఎవరిదప్పా?" అన్నాడు న్యాయనిర్ణేత జోసెఫ్, కుర్చీలోంచి లేచి.

పదకొండు రోజుల లెక్కలు అయాజ్‌కు గుర్తొచ్చాయి. అయినా నిజమే చెప్పాడు. "మా అమ్మది సార్."

"ఏముండాది సారూ దీంట్లో?" అంది లాల్‌బీ. "కొనే ఆమె ముందర చీర ఒక్క విసురుకే పరుచుకోవాల. రెండోసారి విదిలిస్తే బేరం పాయె."

ఈ ఒక్క మాట తన లెక్కల్లో ఎక్కడా లేదని అయాజ్‌కు తెలిసొచ్చింది. తల్లి చేతుల వంక గర్వంగా, కాస్త సిగ్గుగా చూశాడు.

వారానికి బెంగళూరు నుంచి ఎంపిక ఉత్తరం లాల్‌బీ పేరున వచ్చింది. సహాయకుడిగా ఒకరిని వెంట తెచ్చుకోవచ్చని కింద రాశారు.